ఎలుక సాక్ష్యం

మా పాతబస్తీ ఇళ్ళల్లో ఎలుకలు పడటం వింతేమీ కాదు. శాలిబండలో మేముంటున్న ఇల్లు మా మామగారి తండ్రి నాటిది. గోడలు రెండడుగుల మందం. ఆ గోడల్లో మాకంటే ముందునుంచీ కాపురం ఉంటున్నవాళ్ళు వేరే ఉన్నారు. బియ్యం డబ్బా మూత కాస్త వదులైతే చాలు, వాళ్ళకి పండగే. పోయిన డిసెంబరులో ఓ రాత్రి ఎండుకొబ్బరి ముక్క గుచ్చి బోను పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి బొటనవేలంత చిట్టెలుక ఒకటి అందులో గిరగిరా తిరుగుతోంది.

ఇక చూడండి మా ఇంట్లో హడావిడి! పనమ్మాయి చీపురు పట్టుకుని గుమ్మం అవతల నిలబడింది. నేను స్టూలెక్కలేదు గాని, స్టూలు పక్కనే నిలబడ్డాను. మావారు పేపరు చాటునుంచి "కాలవలో పారెయ్యండి" అని తీర్పు చెప్పి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. అప్పుడు మా అన్నయ్య కూతురు, అమెరికానుంచి సెలవుకొచ్చి నాలుగు రోజులు నా దగ్గర ఉందామని వచ్చిన పిల్ల, నోట్లో బ్రష్షుతోనే వంటింట్లోకి వచ్చింది. బోను తలుపు తీసింది. మేమంతా "అయ్యో" అనేలోపల రెండు వేళ్ళతో దాని తోక పట్టుకుని, తలకిందులుగా పైకెత్తి, దాని వెనక కాళ్ళకేసి తేరిపార చూసింది.

"కాళ్ళు విడదీసింది అత్తమ్మా. మంచిగనే ఉంది" అంది.

ఏదో సంబంధం చూసొచ్చినట్టు చెప్పింది! ఆ ఎలుకని తీసుకెళ్ళి వీధి చివర పాడుబడ్డ దేవిడీ గోడ దగ్గర వదిలేసి వచ్చి, సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, కాఫీ అడిగింది.

ఆ పిల్ల చేసేది పోస్ట్‌డాక్టరల్ పరిశోధన. డాక్టరేట్ అయిపోయాక చేసే చదువు. చదువనీ అనలేం, ఉద్యోగమనీ అనలేం. ఇంట్లోవాళ్ళకి మాత్రం "ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అని అడగటానికి వీలైన విషయం. నేను ఆర్ట్స్ చదివినదాన్ని. దాని చదువు గురించి ఎప్పుడడిగినా "మెదడు" అని ఊరుకునేది. ఆ రోజు మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా చెప్పింది. మామూలు ఎలుకని తోక పట్టుకుని ఎత్తితే కాళ్ళు బారజాపి దిగడానికి చూస్తుందట. దాని దగ్గరున్న ఎలుకలు అలా చెయ్యవు. కాళ్ళు దగ్గరికి తెచ్చి ఒకదానితో ఒకటి మెలేసుకుంటాయి. ఎందుకంటే అవి రెట్ సిండ్రోమ్ అనే జబ్బుతో పుట్టిన ఎలుకలు. పుట్టినవి అనడం కూడా తప్పే. అలా పుట్టేటట్టు చేసినవి.

ఆ జబ్బు పేరు వినగానే నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

పిల్లల మెదడు పెరిగేటప్పుడే తీగల అల్లికలో తేడా వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఆటిజం ఉంది, ఫ్రాజైల్ ఎక్స్ ఉంది, ఈ రెట్ ఉంది. బతికున్న పిల్ల తల తెరిచి ఏ తీగ ఎక్కడ తప్పిందో చూడలేం కదా. అందుకని అదే జన్యువుని ఎలుకలో పాడుచేసి దాని మెదడులో చూస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "మోడల్". మెదడులో "కానీ" అని ఎగదోసే కణాలు కొన్ని, "వద్దు" అని ఆపే కణాలు కొన్ని ఉంటాయట. రెండూ సమానంగా మాట్లాడితేనే పని సాగుతుంది. రెట్ ఎలుకల్లో ఆ వద్దనే కణాల గొంతు సరిగ్గా పలకదు. 2010లో హ్యూస్టన్‌లో ఒక్క ఆ కణాల్లోనే జన్యువు తీసేసి చూస్తే, జబ్బు లక్షణాలు చాలామటుకు వచ్చేశాయట. మా పిల్ల ఆ కణాల మీదే పని చేస్తుంది. ఎలుక తలలోకి వెంట్రుకలాంటి సన్నని గాజు తీగ దించి, దాంట్లోంచి వెలుతురు పంపి, కావలసిన కణాలనే మేలుకొలుపుతుంది.

"అంటే అవి అత్తగారి కణాలన్నమాట" అన్నాను. నవ్వింది గాని కాదనలేదు.

ఇంకో పరీక్ష చెప్పింది. మూడు గదుల పెట్టె. ఒక పక్క గదిలో ఇంకో ఎలుక ఉంటుంది, రెండో పక్క గదిలో ఏదో వస్తువుంటుంది. మధ్య గదిలో వదిలిన ఎలుక తోటి ఎలుక దగ్గరికి పోకుండా వస్తువు దగ్గరే కూర్చుంటే దానికి కలుపుగోలుతనం తక్కువని రాసుకుంటారు. నేను మావారికేసి చూశాను. ఆయన పేపరు తిప్పారు.

నవ్వులాటకేం గాని, నా గ్లాసు సంగతి చెప్పాలి.

మా ఇంటికి ఎదురుగా, గల్లీ అవతల, ఒకావిడ ఉంది. నేను ఆపా అంటాను, అక్కలాంటిదే. ఆమెకి 2004లో ఆడపిల్ల పుట్టింది. ఏడాది వచ్చేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే పాకింది. "అమ్మీ" అంది, "పానీ" అంది, నా మంగళసూత్రం నోట్లో పెట్టుకుంది. ఏడాదిన్నర దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు మాటలూ పోయాయి. చేత్తో బిస్కెట్ పట్టుకునే పిల్ల పట్టుకోవడం మానేసింది. ఆ చేతులు రెండూ రొమ్ము దగ్గరికి చేరి ఒకదాన్నొకటి పిండుకోవడం మొదలుపెట్టాయి, బట్టలు పిండినట్టు, పొద్దుననుంచి రాత్రిదాకా. ఊపిరి మధ్యలో ఆగేది. దిష్టి తీయించారు, తావీజులు కట్టించారు, పెద్ద పెద్ద ఆసుపత్రులు తిరిగారు. మూడేళ్ళ వయసులో ఒక డాక్టరు చూసి, రెట్ అన్నాడు.

ఆ పేరు వియన్నాలోని డాక్టరుది. 1954లో ఆండ్రియాస్ రెట్ అనే ఆయన తన ఆసుపత్రిలో వేచి ఉండే గదిలో ఇద్దరు తల్లుల ఒళ్ళో ఇద్దరు ఆడపిల్లలు అచ్చం ఒకేలా చేతులు పిండుకోవడం చూశాడు. 1966లో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1983లో స్వీడన్ డాక్టరు హాగ్‌బర్గ్, ఆయన తోటివారు ముప్ఫై అయిదుమంది ఆడపిల్లల సంగతి ఇంగ్లీషులో అచ్చువేశాకే లోకం చెవినపడింది. బీరూట్‌నుంచి అమెరికా వెళ్ళిన హుడా జోఘ్బీ అనే ఆవిడ ఆ సంవత్సరమే అలాంటి పిల్లని ఒకదాన్ని చూసింది. చూసి మరిచిపోలేకపోయింది. పదహారేళ్ళు వెతికి 1999లో జన్యువు దొరికిందని చెప్పారు, ఆవిడా ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళూ. పదివేలమంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు. ఆ ఒకరు మా గల్లీలో ఉన్నారు.

2007 ఫిబ్రవరిలో ఇంగ్లీషు పేపర్లో ఓ మూల చిన్న వార్త వేశారు. ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ అనే శాస్త్రజ్ఞుడి బృందం రెట్ ఎలుకల్లో జబ్బు వెనక్కి తిప్పిందని. చావుకి దగ్గరపడ్డ ఎలుకలు లేచి నడిచాయని. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. కథలు రాయడం కొత్త. ఏ విషయాన్నయినా కాస్త పెంచి చెప్పకపోతే తోచని వయసు. పేపరు కత్తిరించి, చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ దాటి పరుగెత్తాను. "ఆపా, నయమవుతుందట! ఎలుకలకి నయమైంది, ఇంక మనుషులకే" అన్నాను. అయిదేళ్ళు పడుతుందేమో అన్నాను. ఆ అయిదేళ్ళు పేపర్లో లేవు. నేనే కలిపాను.

ఆవిడ ఆ కాగితం తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. సేమియా ఇచ్చిపుచ్చుకున్నాం, బోనాలప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తే ఆమె ఇంట్లో మంచాలు తెచ్చుకున్నాం. బోయినపల్లిలో 1984నుంచి ఉన్న మానసిక వికలాంగుల జాతీయ సంస్థకి (దాని పేరిప్పుడు మారింది) పిల్లని చంకనేసుకుని రెండు బస్సులు మారి వెళ్తుంటే ఆ రెండో బస్సుదాకా తోడు వెళ్ళాను. ఆ వార్త సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అయిదేళ్ళూ 2012లో అయిపోయాయి.

అందుకని మా పిల్ల "రెట్" అనగానే మొదట అడిగింది అదే. ఎడిన్‌బరో ఎలుకలకి నయమైందా లేదా?

"నయమైంది అత్తమ్మా. నిజమే అది. కాని దానికి తాళం వేసింది వాళ్ళే కద."

అర్థం కాలేదన్నాను. ఓపిగ్గా చెప్పింది. ఆ ఎలుకల్లో జన్యువు చెడిపోలేదట. జన్యువు మధ్యలో ఒక అడ్డుగడియ పెట్టి మూసేశారు. ఆ గడియ ఫలానా మందు ఇస్తే ఊడిపోయేటట్టు ముందే ఏర్పాటు చేసుకున్నారు. ఆ మందు టామాక్సిఫెన్, రొమ్ము క్యాన్సరుకి ఆడవాళ్ళు వాడేదే. ఎలుకలు జబ్బుపడి చావుకొచ్చేదాకా ఆగి, మందిచ్చారు. గడియ ఊడింది. జన్యువు పనిచేసింది. ఎలుకలు లేచాయి.

"మరి మన పాపకి?"

"పాపకి ఎవ్వరూ గడియ పెట్టలే. జన్యువు రాసేటప్పుడే తప్పుపడ్డది. తీసే గడియ లేదు."

నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎవరి మీదో తెలీని కోపం. తాళం వేసినవాడి దగ్గర తాళంచెవి ఉండటం ఒక గొప్పా? దాన్ని "వెనక్కి తిప్పారు" అని అచ్చేస్తారా? మా పిల్ల తల అడ్డంగా ఊపింది. గొప్పేనంది. అప్పటిదాకా రెట్ పిల్లల మెదడులో తీగలు తెగిపోయాయనుకున్నారు. పోయిన మెదడు పోయినట్టే అనుకున్నారు. కణాలు చావలేదని, చిన్నబోయి పడున్నాయని, పెద్దయ్యాక కూడా కోలుకోగలవని ఆ ఎలుకలే చూపించాయి. అంతకు మించి అవి ఏమీ చెప్పలేదు. మిగతాది మనుషులు చెప్పారు.

మిగతాది చెప్పిన మనుషుల్లో నేనొకదాన్నని నేను మా పిల్లకి చెప్పలేదు. అప్పటికి చెప్పలేదు.

జంతువు సాక్ష్యం ఎంతవరకు నమ్మాలి అన్న గొడవ మన ఊరికి కొత్త కాదు. మా ఇంటినుంచి చార్మినార్ మీదుగా వెళ్ళి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. 1908 మూసీ వరదల్లో కొట్టుకుపోయిన పాత ఆసుపత్రి అక్కడే ఉండేది. 1880లలో ఎడ్వర్డ్ లారీ అనే ఇంగ్లీషు డాక్టరు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు ఇవ్వగా, క్లోరోఫాం కమిషన్ నడిపాడు. 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ని పిలిపించారు. వందల కొద్దీ కుక్కలకి, కోతులకి క్లోరోఫాం ఇచ్చి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగింది, గుండె తర్వాత ఆగింది. కనుక ఊపిరి చూసుకుంటే చాలు, నాడి చూడక్కర్లేదని లారీ ఖాయం చేశాడు. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ స్త్రీ, హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇచ్చే డాక్టరైనావిడ, ప్రపంచంలోనే మొదటి మహిళా ఎనస్థటిస్టు అని ఇవాళ చెప్పుకుంటున్నావిడ, ఆ రోజుల్లోనే ఆ ఊళ్ళోనే పనిచేసింది. హైదరాబాదు పేరు ప్రపంచమంతా మోగింది. అయితే ఆ ఖాయం చేసిన మాట తప్పు. కాస్త మత్తులో ఉన్నప్పుడే క్లోరోఫాం గుండెని ఉన్నట్టుండి కొట్టుకోకుండా చేయగలదని 1911లో గుడ్‌మన్ లీవీ అనే ఆయన రుజువు చేశాడు. దేని మీద చేశాడనుకున్నారు? పిల్లుల మీద! కుక్కలు తప్పుతోవ పట్టిస్తే పిల్లులు దారి చూపించాయన్నమాట. అసలు కుక్కలు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చాయి. అడగనిదానికి కూడా అవే జవాబిచ్చాయని లారీ అనుకున్నాడు.

ఇంతకీ అసలు ప్రశ్న అది కాదు. సాక్ష్యం నిజమైనా అబద్ధమైనా, ఆ సాక్షిని అలా బోనెక్కించే హక్కు మనకుందా? జబ్బుపడ్డ ఎలుకని వాడుకోవడం ఒకటి. ఆరోగ్యంగా పుట్టవలసిన దాన్ని జబ్బుతో పుట్టించడం ఇంకొకటి. నాకు తట్టింది మన వినాయకుడి కథే. కొడుకు తల పోయిందని పార్వతి ఏడుస్తుంటే, శివుడు ఏనుగు తల తెప్పించి అతికించాడు. తల్లి ఏడుపు ఆగింది. ఆ ఏనుగు సంగతి? మన వ్రతకథలో అది గజాసురుడి తల. తన తల లోకమంతా పూజించాలని వాడే ముందుగా వరం కోరుకున్నాడని చెబుతారు. ఈ కథ చెప్పిన పెద్దల్ని తలుచుకుంటే నాకు గౌరవం పెరుగుతుంది. ఒప్పుకోలు లేకుండా ఒకరి తల తీసి ఇంకొకరి పిల్లవాడికి పెట్టడం వాళ్ళకీ మనసొప్పలేదన్నమాట. అందుకని వాడిచేతనే అడిగించారు. మా పిల్ల ఎలుకలు వరమేదీ అడగలేదు. ఏటా గౌలిపురా పందిట్లో ఎలుక బొమ్మకి కూడా బొట్టు పెట్టి వచ్చే నేను, ఇంటికొచ్చి బోనులో కొబ్బరిముక్క గుచ్చేదాన్ని, దాని తరఫున పెద్దగా మాట్లాడటానికి అర్హురాలిని కానని తెలుసు. అయినా అడిగాను.

"చివరికి ఏం చేస్తావే వాటిని?"

"మత్తిచ్చి చంపుతం. మెదడు సన్నగ కోసి చూస్తం." కాసేపాగి, "ముందు రాత్రి నిద్ర పట్టదు అత్తమ్మా. మొదట్ల పట్టేది కాదు. ఇప్పుడు పడ్తది. పడ్తున్నందుకే భయమైతది" అంది.

ఆ మాట విన్నాక ఆ పిల్ల మీద నాకు బెంగ తగ్గింది.

చట్టాలు లేకపోలేదు. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో జంతుహింస మీద సొంతంగా బిల్లు పెట్టింది. 1960లో చట్టం వచ్చింది. అందులో ప్రయోగాలు మానమనలేదు, అనవసరమైన బాధ పెట్టొద్దన్నారు. ఇప్పుడు ఎలుకని ముట్టుకోవాలన్నా కమిటీకి కాగితం రాయాలి: ఎన్ని, ఎందుకు, తక్కువతో సరిపెట్టలేవా అని. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. 1958లో కూనూరునుంచి వచ్చింది. అక్కడి ఎలుకల వంశం 1920 నాటిది. మన తిండి గురించి మనకి తెలిసినదాంట్లో కొంత వాటికి తినిపించి తెలుసుకున్నదే. ఆ పప్పన్నం నేను తింటూనే ఉన్నాను. కనుక ప్రయోగాలు ఆపేయమని నేననను. కాకపోతే నోరులేని పిల్ల కోసం నోరులేని జంతువుని బాధపెడుతున్నప్పుడు, మధ్యలో నోరున్నవాళ్ళం ఒక్క మాట ఎక్కువ చెప్పినా అది రెండువైపులా అన్యాయమే అనిపిస్తుంది. అబద్ధమాడితే ఎలుక చావుకీ విలువ లేదు, తల్లి ఎదురుచూపుకీ విలువ లేదు.

ఇంకో సంగతి తెలిసి నాకు మండిపోయింది. ఇది ఆడపిల్లల జబ్బు కదా, ప్రయోగాలు మాత్రం చాలాకాలం ఎక్కువగా మగ ఎలుకల మీదే చేశారట! మగవాటికి ఆ జన్యువు ఒకటే ఉంటుంది, అది పోతే జబ్బు త్వరగా, ఒకేలాగ కనిపిస్తుంది. ఆడవాటిలో ప్రతి కణం తల్లి ఇచ్చినదో తండ్రి ఇచ్చినదో ఏదో ఒకటి వాడుకుంటుంది కనుక ఒక్కోదానికి ఒక్కోలాగ ఉంటుంది, లెక్క కుదరదు. "ఆడదాని లెక్క కుదరదని మగవాణ్ణి చూసి మందు చేస్తారా?" అంటే, ఇప్పుడు మారుతోందిలే అత్తమ్మా అంది. ఎవరైనా ఎప్పుడూ ఆ మాటే అంటారు.

మూడో రోజు సాయంత్రం దాన్ని ఆపా ఇంటికి తీసుకెళ్ళాను. దారిలో గల్లీ మధ్యలో నిలబడి 2007 సంగతి చెప్పేశాను. మా పిల్ల ఏమీ అనలేదు. "నేను కూడ ఒక మాట చెప్పాలె" అంది. "నాలుగేండ్లయింది ఈ పని మొదలుపెట్టి. ఎలుకలనే చూసిన. రెట్ ఉన్న అమ్మాయిని ఒక్కసారి కూడ దగ్గర కూసోని చూడలే."

నేను తెల్లబోయాను. పప్పు రుచి చూడకుండా నాలుగేళ్ళు వంట చేసినట్టుంది. ఒకరి చదువుని నేనెందుకు తప్పుపట్టాలి గాని, నిజంగా తెల్లబోయాను.

పాపకి ఇప్పుడు ఇరవై దాటాయి. వెన్ను వంగింది. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెడతారు. చేతులు మాత్రం అదే పని, పొద్దస్తమానం. మా పిల్ల మంచం అంచున కూర్చుని ఆ చేతులకేసే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొహంలోకి చూసింది. ఈ పిల్లలు మాటలు పోయినా కళ్ళతో పట్టుకుంటారు మనిషిని, వదలరు. మా పిల్ల కళ్ళు తిప్పుకోలేకపోయింది. తోక పట్టుకుని ఎలుకనెత్తిన ధైర్యం ఎటు పోయిందో!

ఆపా మాట్లాడేది ఉర్దూ, నేను తెలుగులో రాస్తున్నాను. చాయ్ ఇచ్చి, మందు వచ్చిందా బేటీ అని అడగలేదామె. పిల్లే చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. 2023 మార్చిలో అమెరికాలో ఒక మందుకి అనుమతి ఇచ్చారని, ట్రోఫినెటైడ్ అంటారని. దాని వెనక మన దేశంనుంచి వెళ్ళిన మృగాంక సుర్ 2009లో ఎలుకల మీద చేసిన పనీ ఉందని. అది జబ్బు తీయదు, కాస్త తేలిక చేస్తుంది, విరేచనాలు బాగా అవుతాయి, ఖరీదు మనం ఊహించలేం. జన్యువునే ఎక్కించే ప్రయత్నాలు 2023లో మనుషుల మీద మొదలయ్యాయి; అది పప్పులో ఉప్పులాంటిది, తక్కువైనా పనికిరాదు, ఎక్కువైతే అదో జబ్బు. 2024లో ఎక్కువ మోతాదు తీసుకున్న ఒకరు చనిపోయారు. ఈ చివరి మాట చెప్పాలా వద్దా అని అది నాకేసి చూసింది. నేను తల ఊపాను. నా బాకీ తీర్చుకుంటున్నానని ఆ పిల్లకి తెలుసు.

ఆపా అంతా విని లేచి వెళ్ళి, ఇనప అల్మారాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. పిల్ల రిపోర్టుల మధ్య నా పేపరు ముక్క. పసుపు పచ్చబడి, మడతల దగ్గర చిరిగి, వెనకనుంచి టేపు అంటించి ఉంది.

"ఈ ఎలుకలు ఇంకా ఉన్నాయా?" అంది.

మా పిల్ల నెమ్మదిగా చెప్పింది. "ఎలుకలు రెండుమూడేండ్ల కంటే ఎక్కువ బతకవు ఖాలా."

"నా బిడ్డకి ఇరవై ఒకటి" అంది ఆపా, కాగితం మడత పెడుతూ. గర్వంగానే అంది.

అప్పుడు మా పిల్ల ఇంకో మాట చెప్పింది. అది ఎవరూ ఆమెకి ఇన్నేళ్ళలో చెప్పలేదు. ఈ జన్యువు తప్పు చాలావరకు తల్లిదగ్గర్నుంచి రాదు, మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. తండ్రి వైపు బీజకణం తయారయ్యేటప్పుడు కొత్తగా జరిగే పొరపాటే ఎక్కువ. ఎవరి తప్పూ కాదు, నకలు రాసేటప్పుడు జరిగే తప్పులాంటిది. నేను ఆపా మొహం చూడలేకపోయాను. ఆ ఇంట్లో అత్తగారు "నీ కడుపు, నీ కడుపు" అని పద్నాలుగేళ్ళు అన్న మాటలు గల్లీ ఇవతలకి వినపడేవి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని, బంధువుల్లో చేసుకోవడం వల్లనని, రోజుకో కారణం.

ఆపా చాలాసేపు ఊరుకుంది. తర్వాత నవ్వింది. "ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు వెళ్ళి సమాధి దగ్గర నిలబడి చెప్పనా?" అంది. వెంటనే గుమ్మంకేసి చూసి గొంతు తగ్గించి, "ఆయనకి మాత్రం చెప్పకండి. ఇన్నాళ్ళు నేను మోశాను, అలవాటైపోయింది. ఆయన మోయలేడు" అంది.

ఇది సబబేనా? నిజం దాచి ఒకరు, నిజానికి రంగు పూసి ఒకరు, ఇద్దరం ఆ గదిలో ఉన్నాం. నాదైతే తప్పేనని నాకు సందేహం లేదు. ఆమెది తప్పనడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

మా పిల్ల జనవరిలో వెళ్ళిపోయింది. మార్చిలో ఓ రాత్రి ఫోను చేసింది, అక్కడ పగలు. క్షేమసమాచారాలు కూడా అడగలేదు. "అత్తమ్మా, పాప చేతులు పిండుకునేటప్పుడు ఏ చెయ్యి పైన ఉంటది? చూసిన గాని గుర్తులే" అంది. ఎందుకే అంటే, ఊరికెనే అంది. నేను పొద్దున్నే గల్లీ దాటి వెళ్ళి అడిగాను. ఆపా బియ్యం ఏరుతూ, మంచంకేసి చూడకుండానే చెప్పింది.

"ఎడమది పైన. నిద్రపోతే రెండూ విచ్చుకుంటాయి. అది కూడా రాసుకోమని చెప్పు."